ఏడవని బిడ్డలకు మాత్రమే

హోసూరు బస్టాండు పక్కన, బిడ్డలకు పాలిచ్చుకునేందుకు కట్టిన తల్లుల గదికి 2006లో బహుమతి వచ్చింది. జిల్లాలోకెల్లా ప్రశాంతమైన ప్రజా సదుపాయం అదేనట. అర్హతలో ఏ లోపమూ లేదు. నిర్ణయించడానికి వచ్చిన పెద్దలు మధ్యాహ్నమంతా ఆ గదిలో కూర్చున్నారు. ఒక్క బిడ్డ ఏడుపు వినబడలేదు. ఒక్క తల్లీ కనబడలేదు. తల్లుల గదంటే ఇలా ఉండాలని మెచ్చుకొని, ఫ్యాను గాలికి చిన్న కునుకు కూడా తీసి వెళ్ళారు.

ఈ ఘనతంతా మర్యాద సంఘం అధ్యక్షుడు సుబ్బరాయప్పది. ఆయన కెలవరపల్లి దగ్గర పల్లెలో తరతరాల రైతు. గట్టున నిలబడి ఒక్క కేక వేస్తే అవతలి చేలో కూలీలు నడుం వంచేవాళ్ళు. తరువాత పొలంలో సగం ప్లాట్లయింది, ఆయన హోసూరులో మేడ కట్టుకున్నాడు. పట్నంలో ఒక్కటే చిక్కు. ఎంత గట్టిగా మాట్లాడినా ఎవరూ తిరిగి చూడరు. తన మాట ఎవరి చెవికీ ఎక్కకపోవడానికి కారణం ఊళ్ళో పెరిగిపోయిన రొదేనని ఆయన తేల్చుకున్నాడు. మర్యాద సంఘం అలా పుట్టింది.

సంఘం చేసిన మొదటి పని తల్లుల గది. అది నిజంగా మంచి పని, అందుకే ఎక్కువ కాలం నిలవలేదు. ఒక బెంచీ, ఒక ఉయ్యాల, తలుపుకు పూల పరదా, పైన ఫ్యాను. ప్రారంభోత్సవం నాడు మాతృమూర్తి మహిమ మీద పాటలు వేశారు. స్పీకరు కట్టడానికి గది కిటికీ తప్ప వేరే అనువైన చోటు దొరకలేదు. ఆ రోజు లోపల పాలు తాగవలసిన బిడ్డలు పాటలు పూర్తయ్యేదాకా ఆగవలసి వచ్చింది. మహిమ అంత త్వరగా ముగిసేది కాదు కదా.

మర్నాటి నుంచి తల్లులు రాసాగారు. శూళగిరి నుంచి, రాయకోట నుంచి, చంకలో బిడ్డ, చేతిలో సంచి. దురదృష్టవశాత్తు ఆ బిడ్డలు ఏడ్చేవాళ్ళు. ఫిర్యాదులు మొదలయ్యాయి. క్రికెట్ స్కోరు వినబడడం లేదని టీవీ ముందు నిలబడ్డ ప్రయాణికులు చెప్పారు. తమ కేక తమకే వినబడడం లేదని కండక్టర్లు వాపోయారు. ఒక పెద్దమనిషి కొత్త సెల్‌ఫోన్‌లో బెంగుళూరుదాకా నేరుగా వినబడేంత గొంతుతో, "ఈడ ఎవురి బిడ్డలో అరస్తా ఉండారప్పా, ఏమీ వినబడలే!" అని బాధపడ్డాడు.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. సుబ్బరాయప్ప విషయాన్ని నిష్పక్షపాతంగా విచారించాడు. హారన్ కొట్టడం బస్సుకు అవసరం. కేక వేయడం కండక్టరు ఉద్యోగం. క్రికెట్ దేశానికి సంబంధించినది. ఏ కారణమూ లేకుండా, ఎవరి అనుమతీ తీసుకోకుండా చప్పుడు చేస్తున్నది ఒక్క చంటిబిడ్డలే అని తేలింది. వెంటనే తలుపు మీద బోర్డు వెలిసింది. "ఏడవని బిడ్డలకు మాత్రమే ప్రవేశం." తమిళంలో, తెలుగులో, కన్నడంలో రాయించారు. ఆ ఊళ్ళో మూడు భాషలూ ఏ పేచీ లేకుండా ఒక్క మాట మీద నిలబడింది అప్పుడే.

బోర్డు చదవలేని వాళ్ళ కోసం క్యాసెట్ పెట్టారు. "దయచేసి నిశ్శబ్దం పాటించండి" అని స్పీకరు పొద్దున్నుంచి సందెదాకా గర్జించేది. నిద్రపోతున్న బిడ్డలు ఉలిక్కిపడి లేచి నియమం ఉల్లంఘించేవాళ్ళు. ఉల్లంఘన పెరిగింది కాబట్టి కాపలా అవసరమైంది. గది ఊడ్చే అంగాళమ్మకు ఒక విజిల్ ఇచ్చి, బిడ్డ ఏడ్చినప్పుడల్లా ఊదమన్నారు.

తల్లులు తెలివైనవాళ్ళు, సంగతి గ్రహించారు. చెరకురసం బండి వెనక, ఆగిన బస్సుల నీడలో, పైట కప్పుకొని పాలివ్వడం నేర్చుకున్నారు. గది ఖాళీ అయింది. అంత మంచి ఫ్యాను వృథాగా తిరగడం సంఘానికి నచ్చలేదు. మర్యాద తెలిసినవారెవరైనా తల్లితో సమానమేనని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ తరువాత సభ్యులు మధ్యాహ్నాలు అక్కడే పేపరు చదువుకునేవాళ్ళు. ఉయ్యాలలో పాత పేపర్లు నిద్రపోయేవి.

బహుమతి ప్రదానం ఆదివారం. అదే రోజు సుబ్బరాయప్ప కోడలు మంజుశ్రీ ఐదో నెల బిడ్డతో పుట్టింటి నుంచి అత్తవారింటికి రావలసి ఉంది. పుట్టిల్లు కృష్ణగిరి. కొడుకు మురళికి ఫ్యాక్టరీలో షిఫ్టు. సుబ్బరాయప్పకు సభ. కాబట్టి భార్య మంజులమ్మే వెళ్ళి కోడల్నీ మనవడు రక్షిత్‌నీ బస్సు ఎక్కించుకొని వస్తోంది. మనవడిని ఆయన నామకరణం నాడు ఒక్కసారి చూశాడు. ఆ రోజు బిడ్డ నిద్రలో ఉన్నాడు. మా వంశపు మర్యాద అంటే ఇదీ అని ఆయన నలుగురికీ చూపించాడు.

శూళగిరి దాటాక రక్షిత్ ఆకలితో లేచాడు. బస్సు నిండా నిలబడ్డ మగవాళ్ళు. మంజుశ్రీ వాణ్ణి భుజాన వేసుకొని జో కొడుతూ అంది.

"మామ కట్టించిన గది ఉండాది కదత్తా. దిగేతలికే ఆడ పాలిస్తాను."

"ఉండాది, ఉండాది" అంది మంజులమ్మ. ఆమె ఆ గదిని ఎప్పుడూ చూడలేదు. ఆడవాళ్ళు వస్తే మాటలు మొదలవుతాయని భర్త తీసుకుపోలేదు.

వాళ్ళు దిగేసరికి గది ముందు షామియానా, కుర్చీల్లో జనం, వేదిక మీద సుబ్బరాయప్ప. పక్కన సంఘాల సమాఖ్య నాయకుడు గోపాలకృష్ణ, శాలువాతో సిద్ధంగా ఉన్నాడు. మంజుశ్రీ పక్కదారిన గది తలుపు దగ్గరికి పరుగెత్తింది. తాళం. ముందు అంగాళమ్మ కూర్చొని ఉంది.

"తాళం తియ్యమ్మా, బిడ్డ ఆకలికి ఏడస్తా ఉండాడు."

"ప్రైజు ఇచ్చేదాకా తియ్యగూడదని చెప్పినారు తల్లీ. పైగా ఏడ్చే బిడ్డను లోపలికి విడిస్తే నా పని పోతాది. ఏడుపు నిలిపి తీసుకొనిరావాలంట."

"పాలిస్తే కదా నిలిపేది?"

"నేనూ అదే అడిగినాను. అడిగినందుకే నా చేతికి విజిల్ ఇచ్చినారు" అంది అంగాళమ్మ. చెప్పిందే గానీ విజిల్ ఊదలేదు. పైట చెంగుతో బిడ్డ మొహం తుడిచింది.

వేదిక మీద సుబ్బరాయప్ప పరవశంగా మాట్లాడుతున్నాడు. "సోదరులారా! తల్లి ఒడి బిడ్డకు మొదటి బడి! బడిలో అల్లరి చేస్తే ఊరుకుంటామా? నిశ్శబ్దమే తల్లికి మనమిచ్చే సారె!" చప్పట్లు మోగాయి. అవి ఆగిన చోట రక్షిత్ గొంతు అందుకుంది. అది మామూలు గొంతు కాదు. గట్టు మీది నుంచి అవతలి చేను దాకా వినబడే గొంతు. మైకు దాని ముందు వెలవెలబోయింది.

సుబ్బరాయప్ప కళ్ళలో ఎండ పడుతోంది. తలుపు దగ్గర ఎవరో ఆడమనిషి, పైట కింద బిడ్డ. అంతే కనబడింది.

"ఎవురమ్మా అది? సభ జరగతా ఉంటే కనబడలేదా? బిడ్డను పెంచేది తెలీకుంటే కనేది ఎందుకు? ఎత్తుకొని రోడ్డు అవతలికి పో!"

సభ మళ్ళీ చప్పట్లు కొట్టింది. మంజుశ్రీ తల వంచుకుంది. ఆమె కళ్ళ నీళ్ళు బిడ్డ టోపీ మీద పడ్డాయి. మంజులమ్మ మాత్రం సంచి కింద పెట్టి, కుర్చీల మధ్యలోంచి నడిచి వేదిక ముందుకు వచ్చింది. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె నలుగురిలో గొంతెత్తలేదు. ఇప్పుడూ ఎత్తలేదు. కానీ మైకు దగ్గరగా ఉంది.

"ఇదో, మిమ్మల్నే. ఆ బిడ్డ మీ మనవడు. పాలకు ఏడస్తా ఉండాడు. మీరు ఇంతసేపు అరిసింది దేనికో నాకు తెలీలేదు. మీ కడుపు నిండే ఉండాది కదా?"

షామియానా కింద మొదటిసారి అసలైన నిశ్శబ్దం పరుచుకుంది. సుబ్బరాయప్ప నోరు తెరిచాడు. తాళం తియ్యండి అనాలి, అంతే. రెండు మాటలు. జీవితంలో ఎన్నడూ లేనిది, గొంతు పెగల్లేదు.

గోపాలకృష్ణ అనుభవం ఉన్న నాయకుడు. మైకు అందుకున్నాడు. "చూడండి! సొంత మనవడని తెలిసినాక కూడా ఒక్క మాట మాట్లాడలేదు! నియమమంటే నియమమే! ఇట్లాంటి మనిషి ఈ జిల్లాలో ఇంకొకడు ఉండాడా?" జనం లేచి నిలబడి కొట్టారు చప్పట్లు. శాలువా వచ్చి సుబ్బరాయప్ప భుజాల మీద పడింది. అది మెత్తగా, బరువుగా ఉంది. తాళం సంగతి రేపు చూడవచ్చునని ఆయనకు తోచింది.

ఈలోగా అంగాళమ్మ మంజుశ్రీని గోడవారకు తీసుకుపోయింది. బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ళు నలుగురైదుగురు పిలవకుండానే వచ్చి, చుట్టూ నిలబడి పైట చెంగులు చాచి అడ్డంగా పట్టుకున్నారు. వాళ్ళు గట్టిగా మాట్లాడుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు. ఆ చప్పుళ్ళ మధ్యే రక్షిత్ కడుపు నిండా తాగి, నోరు సగం తెరిచి నిద్రపోయాడు. కృష్ణగిరి బస్సు కదలబోతోంది. మంజులమ్మ సంచి ఎత్తుకుంది.

"యాడికత్తా?"

"బిడ్డ ఏడిస్తే ఎవురూ ఏమీ అనని ఇల్లు మీ అమ్మది. ఆడికే పోదాం పద. మురళికి నేను చెప్తాను."

వేదిక మీది నుంచి సుబ్బరాయప్ప వాళ్ళు బస్సెక్కడం చూశాడు. పిలిస్తే వినబడేంత దూరమే. అప్పుడే ఫోటో తీస్తున్నారు, కదలవద్దన్నారు.

ఆ రాత్రి మేడలో చీమ చిటుక్కుమనలేదు. అన్నం పెట్టేవాళ్ళు లేరు. షిఫ్టు దిగిన మురళి తల్లి ఫోనులో సంగతంతా విని, నేరుగా కృష్ణగిరి బస్సెక్కాడు. సుబ్బరాయప్ప ఒకసారి "మంజులా!" అని కేక వేసి చూశాడు. గది గదికీ తిరిగి ఆ కేక ఆయన దగ్గరికే వచ్చింది. పొద్దున అభినందించడానికి వచ్చినవాళ్ళు, ఇంట్లో ఇంత ప్రశాంతత ఎలా సాధించారని తగ్గు గొంతుతో అడిగి తెలుసుకున్నారు.

ఇప్పుడు చాలా ఊళ్ళు అలాంటి గది కావాలని కోరుతున్నాయట. మీ ఊళ్ళోనూ ఇప్పటికే ఒకటి ఉండవచ్చు. మీరు ఎప్పుడూ గమనించి ఉండరు. బస్సులో పక్క సీటులో బిడ్డ ఏడ్చినప్పుడు విసుగ్గా తల తిప్పుకుంటారు చూడండి, ఆ తిప్పిన వైపే ఉంటుంది ఆ గది.