పైవాడు లేని ఆఫీసు

మానవజాతి పురోగతికి అడ్డం పడుతున్న ఆఖరి పీడ పై అధికారి అని అట్టపెట్టెల కంపెనీ యాజమాన్యం ఎట్టకేలకు కనిపెట్టి, ఒక సోమవారం ఉదయం ఆ పదవిని రద్దు చేసింది. మారుతున్న కాలంలో ఎవరూ ఎవరికీ పైన కాదు, ఎవరూ ఎవరికీ కింద కాదు, అందరూ సహప్రయాణికులే. మేనేజరు గది తలుపు ఊడబీకారు. ఆయన పేరున్న బోర్డు పీకేశారు. (జీతం మాత్రం పీకలేదు. అది ఆయన వ్యక్తిగత విషయం.)

ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. బిల్లులు రాసే ఆవిడ, అందరూ బిల్లులక్క అనే ఆవిడ, తనూ కొట్టింది గానీ ఆవిడ మనసు మనసులో లేదు. గురువారం పదింటికి వాళ్లమ్మకు కంటి ఆపరేషన్. సూది పేరెత్తితేనే ముసలావిడకు పై ప్రాణాలు పైనే పోతాయి. "నువ్వు పక్కనుంటేనే బల్లెక్కుతానే, లేదంటే నాకీ మసక చూపే నయం" అని తెగేసి చెప్పింది.

అక్క తలుపు లేని గదిలోకి వెళ్లింది.

"సార్, గురువారం ఒక్కరోజు సెలవు కావాలండీ."

"ఇంకా సారేంటమ్మా! నువ్వూ నేనూ ఇప్పుడు ఒకటే. సెలవివ్వడానికి నేనెవర్ని?" అన్నాడాయన. ఇన్నేళ్ల సర్వీసులో ఆయన అంత హాయిగా నవ్వడం ఎవరూ చూడలేదు.

"మీరు కాకపోతే మరెవరండీ?"

"అందరూ!"

అందరినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. గోడౌన్ చూసే పెద్దాయన, ఊరందరికీ బాబాయి, "పాపం, వెళ్లనిద్దాం. దీనికింత రాద్ధాంతమా?" అన్నాడు. వెళ్లనివ్వడమనేది పెత్తందారీ ఆలోచన అనీ, జాలిపడటం కూడా ఒక మెట్టు పైనుంచి చూడటమేననీ, ఈ కొత్త సమానత్వంలో శిక్షణ ఇవ్వడానికొచ్చిన అమ్మాయి నవ్వుతూ సరిదిద్దింది. చెప్పకుండా వెళ్లిపోతే ఏమవుతుందని అక్క అడిగింది. ఉద్యోగం ఊడుతుందన్నారు. (ఊడబెరకడానికి మాత్రం పైన ఒకరున్నారట. ఎవరో చెప్పలేదు.)

భోజనాల వేళ దాటాక ఏకగ్రీవంగా తేల్చారు. అక్క బాధను సంస్థ యావత్తూ పంచుకోవాలి. అందుకు ప్రత్యేక సభ, గురువారం పదింటికి. సభ అక్క గురించే కాబట్టి అక్క హాజరు తప్పనిసరి.

"అయ్యో, ఆపరేషనూ అప్పుడే కదండీ!"

"అందుకేనమ్మా ఆ టైము పెట్టింది," అన్నాడు మాజీ మేనేజరు ఆప్యాయంగా. "అలాంటప్పుడు నువ్వు ఒంటరిగా ఉండకూడదు."

సభ దివ్యంగా జరిగింది. ఒక్కొక్కరే లేచి తమ తల్లుల గురించి చెప్పారు. మాజీ మేనేజరు రెండుసార్లు కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఆపరేషన్ సవ్యంగా జరగాలని అందరూ లేచి నిలబడి మౌనం పాటించారు. (మౌనం పాటించేది అందుకు కాదని బాబాయి గొణిగాడు గానీ, గొణగడం ఎజెండాలో లేదు.) ఆ మౌనంలోనే అక్క ఫోన్ మోగింది. అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లిన పక్కింటి పిన్ని.

"మీ అమ్మ బల్లెక్కనంటే ఎక్కనని భీష్మించుకు కూర్చుందే. డాక్టరు చూసిచూసి తర్వాతి వాళ్లని పిలిచేశాడు. ఇంటికి తీసుకొచ్చేస్తున్నా."

అక్కకు ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి.

"మీరందరూ నా పక్కన ఉండటం కాదండీ, నేను మా అమ్మ పక్కన ఉండాలి!" అని హాలు దద్దరిల్లేలా అరిచింది.

శిక్షణ అమ్మాయి చప్పట్లు మొదలుపెట్టింది. మిగతావాళ్లూ అందుకున్నారు. ఒక సామాన్య ఉద్యోగిని ఇంత స్వేచ్ఛగా మనసు విప్పి మాట్లాడే వాతావరణం కల్పించినందుకు, ఆ నెల ఉత్తమ నాయకుడి బహుమతి మాజీ మేనేజరుకు ఇచ్చారు.