ఆదర్శ కుటుంబం బోర్డు

"ఒక ఇంట్లోంచి అరుపులు వినపడకపోతే ఆ ఇల్లు బాగున్నట్టేనా? నిరూప్, నువ్వు చెప్పు. తొందరేం లేదు, ఆలోచించుకో. ఈలోగా చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఈ నానమ్మ ఒక కథ చెబుతుంది. హవిషా, నువ్వూ వినవే."

ఒక పెద్ద అడవిలో, ఊరు మొదలయ్యే వైపు, జంతువులు ఒక కాలనీ కట్టుకున్నాయి. పేరు ప్రశాంతినగర్. చుట్టూ ముళ్ళకంచె, లోపల చెట్టుకొక ఇల్లు. కంచె బయట దుమ్ములగొండులు తిరుగుతుంటాయి కాబట్టి లోపల ఇల్లు దొరకడమే అదృష్టం.

కాలనీ సంఘానికి అధ్యక్షుడు దుప్పిగారు. కొమ్ములకు దండలు వేయించుకోవడమంటే ఆయనకు మహా ఇష్టం. ఆయన పెట్టిన నిబంధన ఒకటుంది, శ్రద్ధగా వినండి, కథంతా దీనిమీదే నడుస్తుంది. ఏ ఇంట్లోంచి అరుపు వినపడినా సంఘం గుమాస్తా వడ్రంగిపిట్ట వచ్చి ఆ ఇంటి చెట్టుకు ఒక చిల్లు పొడుస్తుంది. మూడు చిల్లులు పడితే ఇల్లు ఖాళీ చెయ్యాలి.

మద్దిచెట్టు కింద కంటకరావు అనే ముళ్ళపంది ఉండేది. భార్య సూదమ్మ, మోకాళ్ళు పట్టేసిన ముసలి తల్లి, అంతే సంసారం. రోజూ కందదుంప దగ్గరే గొడవ. మెత్తటి ముక్క కోడలు తిని నారముక్క తనకు పెడుతోందని అత్తగారు. పళ్ళు లేనివాళ్ళకు రుచులెక్కువని కోడలు. ఇద్దరినీ నోరు మూసుకోమని ఇద్దరికంటే గట్టిగా కంటకరావు. అలా అరిచీ అరిచీ మద్దిచెట్టుకు రెండు చిల్లులు పడ్డాయి.

మూడోది పడితే కంచె బయటికే. అక్కడ అమ్మ పరుగెత్తగలదా? ఆ బెంగతో కంటకరావుకు నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి ఒక ఉపాయం తట్టింది. బుట్టెడు ఉసిరికాయలు తెచ్చాడు. కోపం వచ్చినవాళ్ళు వెంటనే ఒక కాయ బుగ్గన పెట్టుకోవాలి, కోపం పోయేదాకా తియ్యకూడదు అన్నాడు.

మర్నాటి నుంచి ముగ్గురి బుగ్గలూ ఉబ్బే ఉన్నాయి. తిండి తినేటప్పుడు తప్ప కాయ బయటికి రాలేదు. నెల గడిచింది. మద్దిచెట్టు కింద చీమ చిటుక్కుమనలేదు.

దుప్పిగారు మురిసిపోయి సభ పెట్టి, దండలు తానే వేయించుకుని, మద్దిచెట్టుకు "ఆదర్శ కుటుంబం" అని బోర్డు కొట్టించాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. రెండేసి చిల్లులు పడ్డ దంపతులందరూ శుక్రవారం శుక్రవారం ఈ ఇంటికి వచ్చి సఖ్యత నేర్చుకోవాలని తీర్మానం కూడా చేశాడు.

మొదటి శుక్రవారం కుందేలు దంపతులు వచ్చారు. తమ ఇంట్లో అరిస్తే మూడో చిల్లు పడుతుందని నెలరోజులుగా బిగబట్టుకుని ఉన్నారు. పరాయి గుమ్మంలో అడుగు పెట్టగానే కట్ట తెగింది.

"వెనకదారి లేకుండా బొరియ తవ్విన మొగుణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను" అని కుందేలమ్మ గొంతెత్తింది.

"దారి ఉంటే ఈపాటికి నేనే పోయేవాణ్ణి" అన్నాడు కుందేలు, అంతకంటే గట్టిగా.

కంటకరావు కంగారుగా ముందుకొచ్చాడు. మెల్లగా మాట్లాడండి అని చెప్పబోయాడు. కానీ వాళ్ళను చూడగానే కోపం వచ్చి, అలవాటుగా ముగ్గురూ ఉసిరికాయలు బుగ్గన పెట్టేసుకున్నారు. "మ్‌మ్‌మ్" అని తప్ప బయటికి రాలేదు. కంటకరావు కాయ ఉమ్మేలోగా టక్ టక్ మని చప్పుడైంది.

"అయ్యా, అరిచింది మేం కాదు, కుందేళ్ళు" అన్నాడు కంటకరావు.

వడ్రంగిపిట్ట ముక్కు తుడుచుకుంది. "ఎవరు అరిచారో చూడమని నాకు చెప్పలేదండీ. ఏ ఇంట్లోంచి అన్నదే నా పని."

కంటకరావు దుప్పిగారి దగ్గరికి పరుగెత్తాడు. ఆయన చాలాసేపు విచారించాడు, కానీ కంటకరావు గురించి కాదు. ఆదర్శ కుటుంబం వెళ్ళిపోతే బోర్డు తియ్యాలా, వద్దా అని. చివరికి బోర్డు ఉండాలన్నాడు, కుటుంబం పోవాలన్నాడు.

సాయంత్రానికి ముగ్గురూ కంచె దాటారు. దాటగానే సూదమ్మ ఉసిరికాయ ఉమ్మేసి, నెలరోజుల బాకీ తీర్చుకుంది. నీ ఉపాయాలు మండిపోను అని మొగుణ్ణి, నీ పెంపకమే ఇంత అని అత్తగారిని. ముసలమ్మ తక్కువ తినలేదు. ముగ్గురి ముళ్ళూ లేచి గలగలమన్నాయి. పొదలో పొంచి ఉన్న దుమ్ములగొండి, వచ్చేది సైన్యమేమో అనుకుని తోక ముడిచింది.

అలా తిట్టుకుంటూనే కొండ ఎక్కారు. దారంతా అత్తగారి బరువు సూదమ్మ భుజం మీదే ఉంది. పైకి చేరాక కందదుంప చీల్చి, మెత్తటి ముక్క ముసలమ్మ చేతిలో పెట్టి, "మింగండి, మళ్ళీ నారంటే ఊరుకోను" అంది.

ఇక్కడ ప్రశాంతినగర్‌లో ఆ ఏడాదంతా మద్దిచెట్టు కింద అరుపే లేదు. మరుసటి ఏడు కూడా ఆదర్శ కుటుంబం బిరుదు ఆ ఇంటికే ఇచ్చారు.

నీతి రాసుకోండి: ఆదర్శ కుటుంబం అనిపించుకోవాలంటే ముందు ఇల్లు ఖాళీ చెయ్యాలి.

"జవాబు ఆలోచించి పెట్టు, నిరూప్. సగం కాయలకు ఈనెలు అలాగే ఉన్నాయి, వంటింట్లో మీ అమ్మ అరుస్తోంది. నేను వెళ్ళాలి."