తొక్క తీసిన మందు

పుంగనూరులో ఆదెప్ప ఇంటి దూడ పేరు తాసిల్దారు. పొద్దున పదైతే గానీ లేవదు, లేచినా ఎవరి మాటా వినదు. అలాంటిది ఆ వారం విరేచనాలు పట్టుకుని గోనెపట్టా మీద సోలిపోయింది. దూడ పోతే ఆవు చేపదు. ఆవు చేపకపోతే ఆ ఇంట్లో పాలచుక్క ఉండదు.

ఆదెప్ప మదనపల్లెలో పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తి, ఆవగింజల్లాంటి గుళికల పొట్లంతో తిరిగొచ్చాడు.

"దూడ కడుపులో బ్యాటరీయాలు చేరినాయంట" అన్నాడు భార్య రెడ్డెమ్మతో.

"యాడన్నా టార్చిలైటు మింగిందా?"

"నవ్వద్దు. ఈ గుళికల్లో లవంగనూనె, వామునూనె ఉండాయి. వాటిని సంపుతాయంట. పైన సన్నటి పొర. పేగుల్లోకి పోయినాకే కరుగుతాదంట."

"అయితే అట్లే పాలల్లో కలిపి తాపు."

"నీకేం తెలుసు? సెనక్కాయల్ని తొక్కతో తింటామా? పొర తీస్తే బిరీన పనిచేస్తాది."

సగం గుళికలు రోట్లో వేసి దంచాడు. ఘాటు వీధి చివరిదాకా పోయింది. ఆదెప్ప తుమ్మాడు, పక్కింటి నాగమ్మ తుమ్మింది, ఆవు తుమ్మింది. ఆ ముద్ద నాలుక మీద పెట్టగానే, అంతవరకూ తల ఎత్తలేని తాసిల్దారు లేచి ఆదెప్ప పాదం మీద ఒక్క తన్ను తన్నింది.

"సూడు, లేసింది! మందు పట్టింది!" అన్నాడు ఆదెప్ప, కింద పడినవాడు పడినట్టే.

"పట్టింది మందు కాదు, మంట."

మిగిలిన గుళికల్ని రెడ్డెమ్మ పాలల్లో కలిపి, డాక్టరు చెప్పినట్టే పూటపూటా తాగించింది. ఘాటు లేదు, తన్ను లేదు. కొద్దిరోజులకే పేడ గట్టిపడింది. తాసిల్దారు మళ్లీ మాట వినడం మానేసింది. ఇద్దరూ సంబరపడ్డారు.

అయితే తన్ను తగిలినచోట ఆదెప్ప పాదం పుండై చీము పట్టింది. ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలు చూసి మొహం తిప్పుకున్నాడు.

"సేదు! నా ఒంటికి మాత్రలు యాల? అదే మానుతాది."

"నీ ఇష్టం" అంది రెడ్డెమ్మ.

ఆమె అంత సులువుగా ఏనాడూ ఒప్పుకోలేదు. ఆదెప్ప అప్పుడే అనుమానించాల్సింది.

పుండు మానుముఖం పట్టగానే అరుగెక్కి కూర్చున్నాడు. "సూడు నాగమ్మా, ఒక్క మాత్ర మింగితే ఒట్టు!"

లోపలినుంచి రెడ్డెమ్మ అడిగింది. "ఏమయ్యా, సంగటిముద్ద నమిలి తింటావా, మింగుతావా?"

"సంగటిని ఎవురన్నా నములుతారా? మింగేదే!"

"అందుకే నీకు సేదు తెల్లేదు. మాత్రలు ఇంకా రెండు పూటలకుండాయి."

నాగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆదెప్ప పాదం వైపు చూసుకున్నాడు. పుండు నిజంగానే మానుతోంది.

"అట్లయితే," అన్నాడు మెల్లగా, "సంగట్లోకి ఊరిబిండి కొంచిం ఎక్కువెయ్యి రెడ్డెమ్మా. మింగాల గదా."