నాన్నగారి ఒకటో తరగతి

పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పడాన్ని మించిన వయోజన విద్యా కార్యక్రమం ఈ భూమ్మీద ఇంకొకటి లేదని ఘంటాపథంగా మనవి చేసుకుంటున్నాను! పిల్లల సంగతేమిటంటారా? వాళ్లదేముంది, ఎలాగో పెరుగుతారు. పెద్దవాళ్లకు మళ్లీ ఒకటో తరగతి చదివే భాగ్యం ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి!

నమ్మకం కుదరకపోతే మా పక్కవాటాలో ఉండే డ్రైవింగ్ మాస్టారిని చూడండి.

పదిహేడేళ్లుగా ఆయన జనానికి కారు నేర్పిస్తున్నాడు. నేర్పే కారులో ఆయన కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లకు భయం వేసేలోపే ఈయనకు వేస్తుంది, కాలు దానంతటదే నొక్కేస్తుంది. అందుకే ఇన్నేళ్లలో ఒక్క ప్రమాదమూ లేదు. ఆయన శిష్యులు కొందరు ఇప్పటికీ బస్సుల్లోనే తిరుగుతున్నారు, అది వేరే విషయం.

ఇంటి బడి నడిపేది మామూలుగా ఆయన భార్య. ఆమె ఆసుపత్రిలో నర్సు. ఆ రోజు ఆమెకు పగటి డ్యూటీ పడింది. దాంతో ఆరేళ్ల కూతురు, నాలుగేళ్ల కొడుకు మాస్టారి పాలబడ్డారు.

"అరవకుండా ఒక్క పేజీ రాయించండి చాలు. మన ఇంటి గురించి. దాని చేత్తోనే రాయాలి సుమా! ఐదింటిలోగా ఫొటో తీసి ఇంటి చదువుల సెంటర్‌కి పంపాలి. అది చూశాకే రెండో తరగతికి పంపేదీ లేనిదీ చెబుతారట," అంది ఆమె చెప్పులు వేసుకుంటూ.

"రద్దీ రోడ్డు మీద వందలమందికి స్టీరింగ్ అప్పజెప్పినవాణ్ణి. ఒక పేజీ ఎంతసేపు!" అన్నాడాయన.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన ముందు రచ్చ గెలిచి, ఇప్పుడు ఇంటికి వచ్చాడు.

తొమ్మిదింటికి పళ్లెం మీద గరిటెతో బెల్లు కొట్టాడు. ఆ బెల్లు చిన్నోడికి ఎంత నచ్చిందంటే, పదింటిదాకా వాడే కొట్టాడు. పదీ పదికి వాడు రబ్బరు ముక్కులో ఎంతదాకా వెళుతుందో పరిశోధన చేశాడు. పదకొండింటికి ఆ రబ్బరును బయటికి తీశారు. విజ్ఞాన శాస్త్రం పీరియడ్ అలా దిగ్విజయంగా ముగిసింది!

ఆ తర్వాత పాప రాయడం మొదలుపెట్టింది. "మా అమ్మ ఇంటికి రాగానే కుర్చీలో నిద్రపోతుంది" అని రాసింది.

"అయ్యో, చదివినవాళ్లు ఏమనుకుంటారు?" అని మాస్టారు పెన్సిలు లాక్కున్నాడు. అదే రబ్బరుతో చెరిపి, "మా అమ్మ రోగులకు అహర్నిశలు సేవ చేయును" అని రాశాడు.

పాప పెన్సిలు తీసుకుని, "మా తమ్ముడు కిటికీ అద్దం నాకుతాడు" అని రాసింది. అది "మా తమ్ముడు మిక్కిలి బుద్ధిమంతుడు" అయింది. ఆ బుద్ధిమంతుడు అప్పుడు అద్దమే నాకుతున్నాడు.

మూడోసారి పాప పెన్సిలు అడగలేదు. బొమ్మలు ముందేసుకుని తమ్ముడితో కూర్చుంది. నాలుగింటికి వెళ్లి చూస్తే ఏముంది? మోకాళ్లు గడ్డానికి తగిలేంత చిన్న బల్ల ముందు మాస్టారు నాలుక బయటపెట్టి రాసుకుంటున్నాడు! పిల్లల రాతలా కనబడాలని అక్షరాలను వంకరలు కూడా తిప్పాడు. ఎంత శ్రద్ధ! ఎంత క్రమశిక్షణ! అరుపుల్లేవు, ఏడుపుల్లేవు. ఐదుకు పది నిమిషాలుండగానే పేజీ వెళ్లిపోయింది.

ఆరింటికి భార్య వచ్చేసరికి ఫోన్‌లో జవాబు వచ్చి ఉంది. "భావాలు వయసుకు మించి ఉన్నాయి. చేతిరాత మాత్రం బాగా వెనకబడింది. ఇంకో ఏడాది ఒకటో తరగతిలోనే ఉంచడం మంచిది."

ఆమె రెండుసార్లు చదివింది. "బుజ్జీ, ఇది నువ్వే రాశావా?"

"లేదమ్మా. నాన్నే రాశాడు. పాపం, మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు," అంది పాప మెచ్చుకోలుగా.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. పిల్లకు ఒక ఏడాది వృథా అయ్యేలా ఉంది, అదీ తన చేతి చలవే. సిగ్గు చంపుకుని సెంటర్‌కి ఫోన్ చేశాడు. "మేడమ్, ఆ పేజీ నాది."

అవతలి నుంచి మేడమ్ అడిగింది: "మీ వయసెంతండీ?"

"నలభై ఒకటి."

"అయితే రేపు పొద్దున పాప రాసింది పంపండి."

మర్నాడు పాప బల్ల దగ్గర కూర్చుంది. మాస్టారు చేతులు కట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు, అది భార్య ఆర్డరు. రెండో మాటలోనే ఒక ఒత్తు ఎగిరిపోయింది. ఆయన చెయ్యి లేవబోయింది.

"చేతులు, నాన్నా!" అంది పాప తలెత్తకుండా.

ఇరవై నిమిషాలు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆయన అంత కష్టం పడి ఎరగడు. పేజీలో చివరి రెండు వాక్యాలు ఇవి: "మా నాన్నకు ఊరికే కూర్చోవడం రాదు. నేనూ అమ్మా నేర్పిస్తున్నాం."

అది చదివి ఆయనకు నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ తిరిగాయి. ఎగిరిపోయిన ఒత్తులతో సహా పేజీని అలాగే పంపాడు.

పిల్లల బుర్రకు చదువు ఎక్కడం లేదని లోకం మీద పడి ఏడుస్తుంటాం కదా! పాఠకులారా, ఏడిచే ముందు పెన్సిలు ఎవరి చేతిలో ఉందో ఒకసారి చూసుకోండి.