అన్నదమ్ముల బ్యాకప్

నంద్యాలలో ఎరువుల కొట్టు నడిపే మహీధర్, ఆళ్లగడ్డలో బట్టల కొట్టు నడిపే అతని తమ్ముడు జయప్రకాష్ కుటుంబ చరిత్రను శాశ్వతంగా కాపాడాలని సంకల్పించారు. తండ్రి నాటి ఫోటోలన్నీ ఎక్కించి, చెరొక ఇంట్లో సర్వర్ పెట్టారు. నంద్యాల సర్వర్లో ఏది మారినా ఆళ్లగడ్డలోనూ మారుతుంది, అక్కడ మారితే ఇక్కడా అంతే. ఒక ఇల్లు మునిగినా రెండో ఇంట్లో ఫోటోలు క్షేమం. పైగా సర్వర్ గంటగంటకూ తన అప్పటి స్థితిని గుర్తుపెట్టుకుంటుంది. దాన్ని స్నాప్‌షాట్ అంటారు. చెరిగినదాన్ని అందులోంచి వెనక్కి తెచ్చుకోవచ్చు. వరదకు, పిడుగుకు, దొంగకు ఏర్పాటు జరిగింది. అన్నదమ్ములకే జరగలేదు.

జయప్రకాష్ గృహప్రవేశం కార్డులో అన్న పేరు బావమరిది పేరు కింద పడింది. మహీధర్ విస్తరి ముందు నుంచి లేచి నంద్యాల చేరి, తమ్ముడున్న ఫోటోలన్నీ చెరిపేశాడు. విధేయత గల ఆళ్లగడ్డ సర్వర్ కూడా చెరిపేసింది.

మహీధర్ దగ్గరుండే తల్లి మహానందమ్మ సర్వర్లోని ఫోటోలు టీవీలో చూస్తూ అడిగింది.

"మీ నాయన షష్టిపూర్తి ఫోటో యాడికి పోయిందప్పా?"

"దాంట్లో వాడుండాడు. తీసేసినా."

"మీ నాయన గూడా ఉండాడు గదప్పా."

ఈ సమస్యకు సాంకేతిక పరిష్కారం ఇంకా వెలువడలేదు.

జయప్రకాష్ స్నాప్‌షాట్ నుంచి అన్నీ వెనక్కి తెచ్చి, అన్న ఉన్నవి చెరిపాడు. అన్న వాటిని తెచ్చి తమ్ముణ్ణి చెరిపాడు. సర్వర్లు రెండూ చెరిపినవీ తెచ్చినవీ నిష్పక్షపాతంగా అన్నీ గుర్తుపెట్టుకున్నాయి. ఎండాకాలం వచ్చేసరికి డిస్కులు నిండిపోయాయి. అప్పుడే జయప్రకాష్‌కు కూతురు పుట్టింది. పాప మొదటి ఫోటోను జాగా లేదని సర్వర్ తిరస్కరించింది. కళ్లద్దాలు తుడుచుకుని టీవీ ముందు కూర్చున్న మహానందమ్మ అట్లాగే లేచిపోయింది.

బంధువర్గంలో పెద్దమనిషి హనుమంతయ్య నంద్యాలలో అందరినీ కూర్చోబెట్టాడు. పాత స్నాప్‌షాట్లు తీసేస్తే చాలని సర్వర్ బిగించినాయన చెప్పాడు.

"వాడు ముందు తీసేయనీ," అన్నాడు మహీధర్.

"అన్న తీసేస్తే నేనూ తీసేస్తా," అన్నాడు జయప్రకాష్.

ఇద్దరిదీ ఒకే మాట గనుక ఏకాభిప్రాయం కుదిరినట్టు హనుమంతయ్య ప్రకటించాడు. పెద్ద డిస్కులు కొనాలని తీర్మానమైంది.

"నన్ను బస్టాండు కాడ దింపండప్పా. ఆళ్లగడ్డకు పోయి పాపను చూసొస్తా," అంది మహానందమ్మ. హనుమంతయ్య ఉపన్యాసం మొదలైనందున ఎవరికీ వినబడలేదు. ఆమె ఒక్కతే ఆటో ఎక్కింది.

"మన తాతలు పగల్నీ పంతాల్నీ నోటిమాటగా ఇచ్చిపోయినారు. సగం మనమే మరిచిపోయినాం," అన్నాడు హనుమంతయ్య గద్గదంగా. "ఇప్పుడట్ల గాదు. ఒక్కటీ పోకుండా రెండూళ్లలో భద్రంగా ఉండాయి. మన పిల్లోళ్లు అదృష్టవంతులు."

చప్పట్లు మోగాయి. వచ్చినవాళ్లలో చాలామంది ఆ సర్వర్ ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని వెళ్లారు. మీ ఇంట్లో పగల్ని ఇంకా జ్ఞాపకశక్తి మీదే నడుపుకొస్తున్నారా? ఇన్నేళ్లూ ఒక్కటీ పోనివ్వలేదంటే, మీకు సర్వర్ అవసరం లేదు.