మేనేజర్‌గారికి ఒక ప్రశంస

తలరాతను ఎవరూ మార్చలేరని పెద్దలన్నారు. పాపం, వాళ్లకి ఎక్సెల్ తెలియదు! అందులో ప్రతి కాలమ్‌కీ తలమీద ఒక రాత ఉంటుంది. దాన్ని మారిస్తే చాలు, లోకంలో కష్టాలన్నీ తీరిపోతాయని ఘంటాపథంగా చెబుతున్నాను.

నమ్మరా? అయితే మా వదిన సంగతి వినండి.

ఆవిడ లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పనిచేస్తుంది. అపార్టుమెంట్ల నుంచి రోజూ షీట్లు వస్తాయి. ఫిర్యాదుల కాలమ్‌కి ఒకరు "సమస్య" అని పేరు పెడతారు, ఇంకొకరు "కంప్లయింటు" అంటారు. ఒక వాచ్‌మన్ అయితే "మా ఏడుపు" అని రాశాడు! మరొకాయన "ఫిర్యాదు" అని సరిగ్గానే రాసి, చివర కంటికి కనబడని స్పేసు ఒకటి వదిలేవాడు. అంతే, ఈ పేరు నేనెరగనని కంప్యూటర్ మొండికేసేది. వదిన రోజంతా పేర్లు దిద్దుతూ కూర్చునేది.

విసుగెత్తి ఒక పట్టిక తయారుచేసింది. ఎడమవైపు వచ్చిన పేరు, కుడివైపు ఉండాల్సిన పేరు. ఇక ఏ షీటు వచ్చినా పేర్లు వాటంతటవే మారిపోతాయి. "ఏడుపు" కూడా "ఫిర్యాదు" అయిపోయి బుద్ధిగా వరసలో నిలబడేది, వెంటనే మెకానిక్‌కి మెసేజ్ వెళ్లేది.

మేనేజర్ మురిసిపోయాడు. "అంటే, కుడివైపు నేనేం రాస్తే అదే అవుతుందామ్మా?"

"అవుతుంది సార్."

ఆయన "ఫిర్యాదు" చెరిపేసి "ప్రశంస" అని రాశాడు. మర్నాటికి ఒక్క ఫిర్యాదు లేదు! "తలుపు తెరుచుకోక మా మామగారు పొద్దంతా లోపలే ఉండిపోయారు" అన్నది కూడా ప్రశంసే. లిఫ్టంటే ఎంత మమకారం! హెడ్డాఫీసు మేనేజర్‌కి పూలగుత్తి పంపింది. మెకానిక్‌లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నారు.

చిన్న చిక్కేమిటంటే, మాది అయిదో అంతస్తు, మా లిఫ్టు ఆగిపోయింది, వదినకి తొమ్మిదో నెల. మెట్లమీద కూలబడి ఆవిడ పంపిన ఫిర్యాదుకి సొంత కంపెనీ నుంచే జవాబొచ్చింది: "మీ మెచ్చుకోలుకు ధన్యవాదాలు!"

"పోనీలే వదినా, నొప్పులకి కూడా ఏదైనా మంచి పేరు పెడదాం" అన్నాను.

"నువ్వు నోర్మూసుకుని ఆ ల్యాప్‌టాప్ ఇటివ్వు" అంది.

"ఫిర్యాదు"ని మళ్లీ దాని చోట కూర్చోబెట్టింది. షీటు చివర మెకానిక్ ఫోను, మేనేజర్ ఫోను అని రెండు కాలమ్‌లుంటాయి. వాటి పేర్లు అటుదిటు, ఇటుదటు చేసింది. ఇంకేముంది! ఊళ్లో ఆగిన లిఫ్టులన్నీ మేనేజర్ జేబులో మోగడం మొదలుపెట్టాయి. మధ్యాహ్నానికల్లా ఆయనే మెకానిక్‌ను వెంటబెట్టుకుని మెట్లన్నీ ఎక్కి మా గుమ్మంలో వాలాడు.

"ఎవరమ్మా ఈ పని చేసింది?" అని రొప్పాడు.

"కుడివైపు ఏం రాస్తే అదే అవుతుంది సార్" అంది వదిన, అమాయకంగా.

లిఫ్టు కదిలింది. వదిన క్షేమంగా దిగి ఆసుపత్రికి వెళ్లింది, ఆడపిల్ల పుట్టింది. ఆ సంతోషంలో ఉండగా కబురొచ్చింది: ఆవిడ ప్రసవానికి పెట్టిన సెలవుకి మేనేజర్ "ఇంటినుంచి పని" అని పేరు మార్చాడట!

అయ్యా మేనేజర్‌గారూ, పత్రికలో ఈ కాలమ్ కూడా మీ మీద ప్రశంసే. అలవాటు ప్రకారం పైన పేరు చూసుకుని మురిసిపోండి. కింద ఏముందో చదవకండి.