పసుపు పాకెట్ పాపం

ఆ శుక్రవారం పొద్దున రుయ్-యున్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్ళడం, టెస్టు నడపడం, నాలుగింటికి లేవడం, ఐదింటికల్లా కూతురు షిన్-షిన్ బాలబడిలో అమ్మల పాటకు నిలబడడం. కిందటి రెండుసార్లూ ఆమెకు కుదరలేదు. పిల్ల వేరే ఎవరి అమ్మ చెయ్యో పట్టుకుని పాడిందట. టీచరు నవ్వుతూనే చెప్పింది కానీ, ఆ మాట గుర్తొస్తే రుయ్-యున్‌కు ఇప్పటికీ ముద్ద దిగదు.

"టెస్టు పాసైతే నాలుగింటికి వెళ్ళమ్మా," అన్నాడు మేనేజర్ ఫాన్, టీ సీసా మూత తిప్పుతూ. "కాకపోతే మాత్రం కూర్చోవాల్సిందే. సోమవారం కస్టమర్ చేతిలో పెట్టాలి."

టెస్టు ఏమంత బ్రహ్మవిద్య కాదు. యంత్రానికి గుండెకాయలాంటి కెర్నెల్, మెమొరీని ప్రోగ్రాముల గుంపులకు పంచుతుంది. పైన తల్లి గుంపు, కింద పిల్ల గుంపులు. పిల్లలు తిన్న మెమొరీ అంతా తల్లి లెక్కలో పడాలంటే ఒక మీట వేయాలి. ఆ తరవాత పిల్ల గుంపులో ఎవడైనా తల్లికి పెట్టిన హద్దు దాటి తింటే కెర్నెల్ వాణ్ణి అక్కడికక్కడే ఆపేయాలి. పరీక్షకోసం తిండిపోతు అనే ప్రోగ్రాము ఒకటుంది, తినడం తప్ప దానికి వేరే పని లేదు. గుంపులు కట్టడం, మీట వేయడం, తిండిపోతును వదలడం, అన్నీ ఫాన్ స్వయంగా రాసిన ఆజ్ఞల చిట్టా, స్క్రిప్టు, చూసుకుంటుంది. రుయ్-యున్ చేయవలసిందల్లా ఎంటర్ కొట్టడమే.

కొట్టింది. తిండిపోతు హద్దు దాటి హాయిగా తింటూ పోయింది. ఆపిన నాథుడు లేడు. తెర మీద ఎర్రగా ఫెయిల్ అని పడింది.

పక్క సీటు బో-వెయ్ కుర్చీతో సహా దొర్లుకుంటూ వచ్చాడు. తెర వైపు చూడనే లేదు, యంత్రం నెత్తి వైపు చూశాడు.

"అక్కా! ఇదేంటి, పసుపుది పెట్టావు?"

రుయ్-యున్ తలెత్తి చూసింది. పసుపుదే. షిన్‌చు సైన్సు పార్కులో ఏ యంత్రం మీద చూసినా మొక్కజొన్న బొరుగుల పాకెట్ ఉంటుంది. కొబ్బరి రుచిది, ఆకుపచ్చది. అది ఉంటే యంత్రం బుద్ధిగా నడుస్తుందని అందరి నమ్మకం. పసుపుది పెట్టడమంటే చేజేతులా హెచ్చరిక దీపం వెలిగించుకోవడమే. పాతదానికి గడువు తీరిందని మొగుడిచేత కొత్తది తెప్పించి, పొద్దుటి కంగారులో చూడకుండా పెట్టేసింది. వెంటనే మొగుడికి ఫోను చేసింది.

"ఏ రంగు తెమ్మన్నాను?"

"ఆకుపచ్చ."

"ఏ రంగు తెచ్చావు?"

"అది అయిపోయింది. ఇది మసాలాది, బాగుంటుందని…"

"నిన్ను తినడానికి తెమ్మన్నానా!"

కింద కొట్టుకు పరిగెత్తింది. పక్క కంపెనీలో కొత్త యంత్రాలు దింపారట, ఆకుపచ్చ పాకెట్లన్నీ ఎత్తుకుపోయారు. ఎదురుగాలికి గొడుగు తిరగబడి, జుట్టు రేగిపోయి తిరిగొచ్చింది. ఆఫీసు వంటగది అలమరలో ఒక ఆకుపచ్చ పాకెట్ కనబడితే ప్రాణం లేచొచ్చింది. దాన్ని పెట్టి మళ్ళీ ఎంటర్ కొట్టింది. ఫెయిల్.

ఫాన్ వచ్చి పాకెట్ తిరగేశాడు. "పోయిన నెలే గడువు తీరింది. పాచిపోయింది పెడితే నువ్వయితే పనిచేస్తావా?"

"టీ మాత్రం మీరు పొద్దుటి పాచిదే తాగుతున్నారు కదండీ," అనబోయి మింగేసింది.

"నువ్వుండక్కా, నేను చూసుకుంటా," అని బో-వెయ్ మాయమై, నిగనిగలాడే తాజా పాకెట్‌తో ప్రత్యక్షమయ్యాడు. ఎక్కడిదని అడిగే ఓపిక ఆమెకు లేదు. మళ్ళీ ఫెయిల్.

మధ్యాహ్నమైంది. భోజనాల డబ్బాలు రాలేదు. కింది అంతస్తు నుంచి సియు-మెయ్ మెట్లదిరిపోయేట్టు ఎక్కివచ్చింది. భోజనాల ఆర్డర్లు పంపే యంత్రం ఆవిడ చేతిలో ఉంటుంది.

"నా పాకెట్ ఎవడెత్తుకొచ్చాడు?"

"దానివల్ల మీ యంత్రం ఆగిపోయిందా అక్కా?" భయంభయంగా అడిగాడు బో-వెయ్.

"ఆగడమేంట్రా, నేనే ఆపాను! నెత్తిన పాకెట్ లేకుండా నడిపేంత ధైర్యం నాకు లేదు. ఆర్డర్లు వెళ్ళలేదు. ఇవాళ ఎవరికీ తిండి లేదు."

ఆకలి మీదున్న అంతస్తంతా రుయ్-యున్ చుట్టూ మూగింది. "చిన్నపిల్లలున్న ఇంటికి బొరుగుల బాధ్యత అప్పగిస్తే ఇంతే," అంది వెనకనుంచి ఒక గొంతు. "అసలు పాకెట్ పిల్ల తినేసి ఉంటుంది."

"నా పిల్లనెందుకు లాగుతారు?" రుయ్-యున్ లేచి నిలబడింది. "దానికి బొరుగులు పడవు! తింటే దద్దుర్లొస్తాయి! పొద్దుట్నుంచి గాల్లో తిరిగింది నేను, తిట్లు తిన్నది నేను, తిండిపోతును మాత్రం ఎవరూ ఏమీ అనరే!"

ఫాన్ అందరినీ జరిపాడు. గడియారం మూడున్నర దాటింది. సియు-మెయ్ నుంచి తెచ్చిన పాకెట్‌నే రెండు చేతులతో తీసి యంత్రం మీద మళ్ళీ సరిగ్గా పెట్టి, చిన్నగా తలవంచి, అందరూ నేర్చుకోండన్నట్టు కుర్చీలో కూర్చున్నాడు. స్క్రిప్టు పక్కనపెట్టి ఒక్కొక్క ఆజ్ఞా చేత్తో కొట్టాడు. తల్లి గుంపు కట్టాడు. పిల్ల గుంపులు కట్టాడు. మీట వేశాడు.

కుదరదంది కెర్నెల్.

మళ్ళీ వేశాడు. కుదరదనే అంది.

ఫాన్ చెవులు ఎర్రబడ్డాయి. "పిల్లలు పుట్టాక… మీట వేయనివ్వదు," అన్నాడు తనలో తాను. "ముందు మీట, తరవాత పిల్లలు. నియమమే అది."

"మరి పొద్దుట్నుంచీ కెర్నెల్ ఆ ముక్క చెప్పదేం సార్?" అన్నాడు బో-వెయ్.

చెబుతూనే ఉంది. కానీ రిపోర్టు శుభ్రంగా ఉండాలని, కెర్నెల్ పలికే అభ్యంతరాలన్నీ తెర మీదకు రాకుండా పారేసేట్టు రాశారు స్క్రిప్టును. ఎవరు రాశారో అందరికీ తెలుసు. అందరూ ఒక్కసారిగా పైకప్పు చూడడం మొదలుపెట్టారు.

ఫాన్ గబగబా స్క్రిప్టులో ఆ రెండు వరుసలు తారుమారు చేసి ఎంటర్ కొట్టాడు. హద్దు దగ్గరే తిండిపోతు గుటుక్కుమంది. పాస్.

"చూశారా," అన్నాడు వెనక్కి వాలి, "మంచి పాకెట్ పడేసరికి దారికొచ్చింది."

"వరుసలు మార్చారు కదండీ!" అంది రుయ్-యున్.

"అదీ చేశాననుకో."

రుయ్-యున్ సంచి భుజాన వేసుకుని, ఎవరికీ చెప్పకుండా నడిచింది. బస్సులో పళ్ళు నూరింది, బాలబడి గేటు దగ్గర నూరింది. అమ్మల వరుసలోకి దూరి షిన్-షిన్ చెయ్యి పట్టుకున్నాక గానీ దవడలు వదులు కాలేదు. "వచ్చేశావా!" అంది పిల్ల, పక్కవాళ్ళందరికీ వినబడేట్టు.

అప్పుడే ఫోను మోగింది. ఆఫీసు వాళ్ళ చాట్ గుంపులో ఫాన్ పెట్టిన సందేశం. "నేటి సమస్యకు కారణం పసుపు పాకెట్. పెట్టినవారు రుయ్-యున్. సరిచేసినవారు ఫాన్." కింద బో-వెయ్ పెట్టిన చప్పట్ల బొమ్మలు, సియు-మెయ్ పెట్టిన దండాల బొమ్మలు.

టీచరు పియానో మొదలుపెట్టింది. రుయ్-యున్ ఊపిరి నిండా పీల్చి గొంతెత్తింది. పొద్దుటినుంచి మింగినదంతా ఆ గొంతులోంచే బయటికొచ్చింది, కిటికీ అద్దాలు గలగలమన్నాయి. రెండో చరణం అందుకునేసరికి, ముందు వరుసలో కళ్ళు మూసుకుని నిద్రపోయినట్టు నటించవలసిన చిన్న తరగతి పిల్లలందరూ లేచి కూర్చున్నారు. అది జోలపాట.